సింగపూర్‌కి పిల్లలతో: శ్రోతల ఫోన్లు, మేడం జవాబులు

వ్యాఖ్యాత: నమస్కారమండీ, నెల్లూరు స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం. ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయి. చెన్నై వెళ్ళి విమానం ఎక్కితే నాలుగు గంటల పైచిలుకులో సింగపూర్. అందుకే మనవైపు చాలామంది మొదటి విదేశీ ప్రయాణానికి అక్కడికే టికెట్ తీస్తున్నారు. అక్కడ ఆరేళ్ళు ఉండి, ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చి, ఇప్పుడు నెల్లూరులో చిన్నపిల్లల బడి నడుపుతున్న మేడం మనతో ఉన్నారు. మొదటి ఫోన్ కావలి నుంచి. చెప్పండి సార్.

శ్రోత (కావలి): నమస్తే మేడం. పోయినేడు నెల్లూరు రొట్టెల పండగలో, విదేశం పోవాలని మొక్కుకుని విదేశీ రొట్టె పట్టుకున్నా. ఫలించింది, మే నెలలో పోతున్నాం. పాపకు ఐదేళ్ళు, బాబుకు తొమ్మిది. నాలుగు రోజులకు ఏజెంటు ప్లాన్ రాసిచ్చాడు. ఏమన్నా మిస్సవుతున్నామేమో చూస్తారని.

మేడం: మొదటిరోజు చదవండి సార్.

శ్రోత: పొద్దున ఏడింటికి హోటల్ నుంచి బయల్దేరడం. సింహం తలా చేప ఒళ్ళూ ఉండే మెర్లయన్ బొమ్మ, గార్డెన్స్ బై ద బే అనే తోట, మధ్యాహ్నం సెంటోసా దీవి, కేబుల్ కార్, రాత్రికి నైట్ సఫారీ.

మేడం: అయ్యో. మిస్సవడం సంగతి తర్వాత, సగం కొట్టేయండి. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున ఏడంటే మీ పాప ఒంటికి తెల్లవారుజాము నాలుగున్నర. ఆ టైముకి లేపి బస్సెక్కిస్తే మధ్యాహ్నానికి భుజం మీద నిద్రపోతుంది, డబ్బు కట్టిన సెంటోసా మీరొక్కరే చూస్తారు. అదే రాత్రి తొమ్మిదంటే దానికింకా ఆరున్నరే. ఇంటి దగ్గర వీధిలో ఆడుకునే వేళ. కాబట్టి పొద్దున నిద్రపోనివ్వండి, సరదాలన్నీ సాయంత్రానికి పెట్టుకోండి.

శ్రోత: అంటే నైట్ సఫారీ ఉంచుకోవచ్చా?

మేడం: అదే ఉంచండి. 1994లో పెట్టారు. రాత్రిపూట మాత్రమే తెరిచే జూ ప్రపంచంలో అదే మొదటిది. కాకపోతే ఆ రోజు ఇంకేమీ వద్దు. ఇంకోరోజు గార్డెన్స్. అక్కడ సూపర్‌ట్రీలని ఇనుప చెట్లుంటాయి, పెద్దవి 50 మీటర్ల దాకా ఎత్తు. రాత్రి 7:45కి, 8:45కి వాటిమీద పాటలతో లైట్ల ఆట. టికెట్ లేదు. కింద అరుగుమీద వెల్లకిలా పడుకుని చూడాలి సార్, నిలబడి చూస్తే మెడ నొప్పే. మెర్లయన్‌కి పావుగంట చాలు. ఫొటో దిగి కదలండి.

వ్యాఖ్యాత: తర్వాత సూళ్ళూరుపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (సూళ్ళూరుపేట): అక్కా, మా పిల్లలకు పక్షులంటే పిచ్చి. నేలపట్టు గూడబాతుల్ని చూస్తూ పెరిగారు. జురాంగ్ పక్షుల పార్కు బాగుంటుందని మావారి స్నేహితుడు చెప్పాడు.

మేడం: అది మూసేశారమ్మా. దాని బదులు మండాయ్ అనేచోట 2023లో బర్డ్ ప్యారడైజ్ తెరిచారు. జూ, నైట్ సఫారీ కూడా ఆ పక్కనే. పాత వీడియోలు చూసి జురాంగ్‌కి టాక్సీ కట్టించుకోకండి. బర్డ్ ప్యారడైజ్‌లో పెంగ్విన్లు ఉంటాయి, నీళ్ళలో ఈదుతుంటే అద్దంలోంచి చూడొచ్చు. జూలో ఒరాంగుటాన్లు బోనులో ఉండవు, తలపైన తాళ్ళు పట్టుకుని వెళ్తుంటాయి.

శ్రోత: ఎండెట్టా ఉంటుందక్కా?

మేడం: మన మే నెల చూసినవాళ్ళకి అది ఎండే కాదు. ఉక్కపోత మాత్రం ఉంటుంది, ఉన్నట్టుండి వానొస్తుంది. జూలో పిల్లలు నీళ్ళలో ఆడుకునే చోటొకటుంది. నా పొరపాటు చెప్తా విను. మొదటిసారి మార్చుకునే బట్టలు పట్టుకెళ్ళలేదు. మావాడు తలదాకా తడిసి, అలాగే ఏసీ బస్సెక్కి, హోటల్ చేరేదాకా పళ్ళు టకటకలాడిస్తూ వణికాడు. రాత్రికి తుమ్ములు, మర్నాడు గదిలోనే. కాబట్టి రెండు జతల బట్టలు, ఒక టవలు సంచిలో ఉండాల్సిందే. మీవైపు పిల్లలకి తమిళం కొంచెం వస్తుందిగా?

శ్రోత: మాట్లాడతారు. పెద్దది కూడబలుక్కుని చదువుతుంది.

మేడం: ఇంకేం! అక్కడ తమిళం అధికార భాష. బోర్డుల మీద ఇంగ్లీషు, చైనీస్, మలయ్ పక్కన తమిళం కూడా కనిపిస్తుంది. మీ పెద్దదాన్నే చదవమనండి, దానికి గొప్పగా ఉంటుంది.

వ్యాఖ్యాత: చీమకుర్తి నుంచి ఒక పెద్దాయన. చెప్పండి సార్.

శ్రోత (చీమకుర్తి): అమ్మా, కొడుకూ కోడలూ మనవళ్ళతో నన్నూ రమ్మంటున్నారు. ఖర్చు చూస్తే భయంగా ఉంది. అడుగడుక్కీ టికెట్టంట గదా? పిలకాయలు రైల్లో జంతికలు నములుతుంటే ఫైనేస్తారంట, నిజమేనా?

మేడం: ఫైను నిజమే బాబాయ్ గారూ. ఎంఆర్‌టీ అంటే అక్కడి మెట్రో రైలు, అందులో తినడం, తాగడం రెండూ కుదరవు, 500 సింగపూర్ డాలర్ల దాకా వేస్తారు. జంతికలు స్టేషన్ బయటే. బబుల్‌గమ్ అసలు తీసుకెళ్ళొద్దు, 1992 నుంచి నిషేధం. డూరియన్ అని ఘాటు వాసనొచ్చే పండు ఒకటుంది, దాన్ని రైల్లోకి తేవద్దని బొమ్మేసి మరీ పెడతారు. మా పిల్లలు ప్రతి స్టేషన్‌లో ఆ బొమ్మ వెతికి నవ్వుకునేవాళ్ళు. ఇక ఖర్చంటారా, మావాళ్ళు ఇప్పటికీ తలుచుకునేది టికెట్టు కొన్నవాటిని కాదు, రైలుని.

శ్రోత: రైలా?

మేడం: డ్రైవరుండడు బాబాయ్ గారూ. లిటిల్ ఇండియా స్టేషన్ మీదుగా పోయే నార్త్ ఈస్ట్ లైను 2003 నుంచీ అంతే. మొదటి పెట్టెలో ముందు అద్దం ఉంటుంది. పిల్లలు ముక్కు ఆనించి నిలబడితే సొరంగం ఎదురొస్తున్నట్టుంటుంది. చీకట్లో దూరంగా చిన్న వెలుగు, అది పెద్దదవుతూ స్టేషన్ అవుతుంది. మావాడు తానే నడుపుతున్నట్టు ఒక చెయ్యి ముందుకు చాపి, దిగమంటే దిగేవాడు కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ కూడా ఉండదు. లిటిల్ ఇండియా మనవాళ్ళ పేట, అక్కడ దిగితే ఇడ్లీ, పెరుగన్నం ఎటూ దొరుకుతాయి. ఇంతకీ మీది గ్రానైట్ పనా?

శ్రోత: క్వారీలో ముప్పై ఏళ్ళు చేశానమ్మా.

మేడం: అయితే మీరే గైడు. మీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి దేశదేశాలకు పోతుంది గదా. మాల్‌లో, హోటల్లో నేల మీద బంగారు చుక్కల నల్లరాయి ఎవరు ముందు కనిపెడతారో అని మనవళ్ళకు పందెం పెట్టండి. అది మన రాయో కాదో తేల్చేది మీరు.

శ్రోత: (నవ్వు) చుక్క చూస్తే చెప్పేస్తాలే అమ్మా.

మేడం: మీ అబ్బాయికి ఒకటి చెప్పండి. అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైట్ అసలుది కాదు. అది వీసా కాదు, వీసా వేరే తీసుకోవాలి.

వ్యాఖ్యాత: రెండు నిమిషాలే ఉంది. కందుకూరు నుంచి చివరి ఫోన్. హలో?

శ్రోత (కందుకూరు, బాలుడు): హలో... నేను నాలుగో క్లాసు. ఆ డ్రైవర్ లేని రైలు సొరంగంలో ఆగిపోతే ఎవరు నడుపుతారు?

మేడం: భలే అడిగావు నాన్నా. దూరంగా కంట్రోల్ రూంలో మనుషులు అన్ని రైళ్ళనూ చూస్తుంటారు. అవసరమైతే సిబ్బంది రైల్లోకి వస్తారు. ముందు అద్దం కింద మూతేసిన బల్లలాంటిది ఉంటుంది. ఆ మూత కింద నడిపే మీటలుంటాయి. తెరిచి నడుపుతారు.

బాలుడు: తాళం ఎవరి దగ్గరుంటుంది?

మేడం: వాళ్ళ దగ్గరే.

బాలుడు: మూత మీద చెయ్యి పెడితే తిడతారా?

మేడం: చెయ్యి పెడితే ఏమనరులే. లాగొద్దు.

బాలుడు: లాగను. మా నాన్నకు చెప్పండి, మేం ఆ రైలే ఎక్కాలని. ఇక్కడే ఉన్నాడు, ఇస్తున్నా...

వ్యాఖ్యాత: టైమైపోయింది బాబూ, నాన్న రేడియోలో విన్నారులే.