పెళ్లి పిలుపులూ ప్యాకేజీ డిపెండెన్సీలూ
(గుంటూరులో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం రెండు గంటలు, గుంటూరు ఎండ, మీరేమో ఇప్పుడే భోంచేసి వచ్చారు. ఇలాంటి వేళ నన్ను డిపెండెన్సీల గురించి, అంటే ఒక ప్రోగ్రామ్ నడవాలంటే ఇంకేమేం కావాలో దాని గురించి, మాట్లాడమన్నారు. నిద్రొస్తే తప్పు మీది కాదు. అందుకే పెళ్లితో మొదలుపెడతాను.

మీ ఇంట్లో పెళ్లి. నాన్నగారు పిలుపుల జాబితా రాస్తున్నారు. తెనాలి పెద్దమ్మ ఒంటరిగా రాలేదు. పెద్ద కొడుకో, చిన్నల్లుడో వెంటబెట్టుకుని రావాలి. పెద్ద కొడుక్కీ బాపట్ల బాబాయికీ పొలం గట్టు తగాదా ఉంది, ఒకరున్న పందిట్లో ఇంకొకరు కాలు పెట్టరు. పోనీ చిన్నల్లుడు తీసుకొస్తాడనుకుంటే, ఆయన భార్య లేకుండా కదలడు. ఆవిడకీ మీ మేనత్తకీ మాటల్లేవు. ఇప్పుడు చూడండి, పెద్దమ్మకి ఎవరితోనూ గొడవ లేదు. అయినా బాబాయీ మేనత్తా ఇద్దరూ వస్తే ఆవిడ రాలేదు!

డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌నీ ప్రోగ్రాముల్నీ కలిపి అందించే చోట, ఒక్కో ప్రోగ్రామ్‌నో లైబ్రరీనో కట్టిన మూట పేరు ప్యాకేజీ. దాని పరిస్థితి సరిగ్గా పెద్దమ్మదే. ప్రతి ప్యాకేజీకీ ఒక చీటీ ఉంటుంది. అందులో 'డిపెండ్స్' దగ్గర తనకేం కావాలో, ఏ వెర్షన్ నుంచి కావాలో రాస్తారు. మధ్యలో నిలువు గీత పెడితే 'ఇదైనా సరే, అదైనా సరే' అని అర్థం. 'కాన్‌ఫ్లిక్ట్స్' దగ్గర ఎవరితో పొసగదో రాస్తారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఇలాంటి ప్యాకేజీలు 64 వేలకు పైనే. అంత పెద్ద పెళ్లి నోటి లెక్కకి లొంగదు.

ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడానికి అసలు దారంటూ ఉందా? ఈ ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ అని 2006లో ఈడోస్ అనే యూరోపియన్ ప్రాజెక్టులో పనిచేసిన పరిశోధకులు నిరూపించారు. మీరు అల్గారిథమ్స్ పరీక్షకి బట్టీపట్టి మర్నాడే మర్చిపోయిన మాట అదే. ఎలాంటి చిక్కుముడినైనా త్వరగా విప్పుతానని హామీ ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వాళ్లు అక్కడితో ఆగలేదు. చీటీలన్నిటినీ అవును-కాదు సూత్రాలుగా మార్చి, అవన్నీ ఒకేసారి నిజమయ్యే దారి ఉందో లేదో వెతికే శాట్ సాల్వర్‌కి అప్పగించారు. నిజం రిపాజిటరీల్లో, అంటే ప్యాకేజీలన్నీ ఉంచే గోదాముల్లో, ముడులు అంత బిగుసుకుని ఉండవు కాబట్టి పని చకచకా అయిపోయింది. ఆ దారిలో వచ్చిందే డోస్-డెబ్‌చెక్. అడిగితే అది ఏ గొలుసు ఎక్కడ తెగిందో కూడా చూపిస్తుంది. ఉత్త 'కాదు' అనే జవాబు ఎవరికి కావాలి?

నన్నడిగితే, తప్పు ఉండే చోటు ప్యాకేజీ కాదు, రిపాజిటరీ. మీరొక లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చారు, మీ వరకు బ్రహ్మాండంగా నడుస్తోంది. పాత వెర్షన్‌ని నమ్ముకున్న ఇంకో ముప్ఫై మాత్రం ఆగిపోయాయి. వాటిలో ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేదు! కాబట్టి "నాది ఎక్కుతుందా?" అని చూసుకుని ఊరుకుంటే చాలదు, "నేను వచ్చాక ఎవరు రాలేకపోతున్నారు?" అని కూడా అడగాలి. డెబియన్‌లో ఆ ప్రశ్న అడిగే ప్రోగ్రామ్ పేరు బ్రిట్నీ. కొత్త ప్యాకేజీలు ముందు దిగే అన్‌స్టేబుల్ విభాగం నుంచి, తర్వాతి విడుదలకి సిద్ధమయ్యే టెస్టింగ్ విభాగానికి వెళ్లాలంటే దాన్ని దాటాలి. మీ రాకతో అక్కడున్నవి ఇన్‌స్టాల్ కాకుండా పోయేట్టుంటే గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

ఇంతా చేసి సాల్వర్ చదివేది చీటీనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రోగ్రామ్ ప్యాకేజీ చేసి కస్టమర్‌కి పంపాను. నా లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది, అక్కడ తెరుచుకోనే లేదు. రాత్రంతా టెన్షన్. తెల్లారాక తేలిందేమిటంటే, ఒక లైబ్రరీ నా దగ్గర ఎప్పుడో వేరే పనికి వేసుకున్నది ఉంది, దాన్ని చీటీలో రాయలేదు. మీ ఊరి మిర్చి యార్డులో టిక్కీ మీద 'తేజ' అని రాసుందని ఎవరైనా డబ్బిచ్చేస్తారా? చెయ్యి లోపలికి పెట్టి కాయ తీసి చూస్తారు. ఎస్‌బిల్డ్ అనే ప్రోగ్రామ్ చేసేది దాదాపు అదే. కనీస సామగ్రీ, చీటీలో రాసినవీ తప్ప ఇంకేవీ లేని శుభ్రమైన గదిలో ప్యాకేజీని కడుతుంది. పియుపార్ట్స్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఇంకాస్త ముందుకెళ్లి ఇన్‌స్టాల్ చేసి, అప్‌గ్రేడ్ చేసి, తీసేసి, చెత్త ఏమైనా మిగిలిందా అని వెతుకుతుంది. పెళ్లయ్యాక పందిరి గుంటలు పూడ్చారా అని చూసే పెద్దమనిషి అన్నమాట.

వీటిలో ఏదీ పట్టుకోలేనివీ ఉన్నాయి. 2016 మార్చిలో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాము నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని రాసినాయనే తీసేస్తే ఎక్కడెక్కడి ప్రోగ్రాముల బిల్డులూ ఆగిపోయాయి. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి దొంగదారి చొరబడినప్పుడు చీటీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి ప్రవేశించడం) అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి అది బయటపడింది. అది ఇంకో పూట కథ.

ల్యాబ్‌లో మీ కోసం ఐదు ప్యాకేజీల చిన్న రిపాజిటరీ ఒకటి పెట్టాను. పేర్లు పెద్దమ్మ, పెద్ద కొడుకు, బాబాయి, ఇలాగే ఉంటాయి. ఒక చోట కావాలనే గట్టు తగాదా పెట్టాను. డోస్-డెబ్‌చెక్ నడిపి అదెక్కడో పట్టుకోండి. ఆ కిటికీ పక్కనుంచి ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా, ఏమిటి సందేహం?