పీల్చిన గాలి ఎటు పోతుంది?

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక చిన్న ప్రశ్న. ఇప్పుడే మీరు పీల్చుకున్న ఆక్సిజన్ ఏమవుతుంది? "ఇంకేముంది, ఆక్సిజన్ పీలుస్తాం, కార్బన్ డయాక్సైడ్ వదులుతాం" అంటారు చాలామంది. అంటే అదే ఇదిగా మారి బయటికొస్తుందని మన లెక్క. డిగ్రీ దాకా నేనూ అలాగే అనుకున్నాను. కానీ వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తయారయ్యేది తిన్న తిండి నుంచి, దానితో కలిసిన నీటి నుంచి. పీల్చిన ఆక్సిజన్ మాత్రం దాదాపు అంతా నీళ్ళవుతుంది. రోజుకు ఒక పెద్ద గ్లాసుడు నీళ్ళు ఇలా మన ఒంట్లోనే పుడుతున్నాయి.

పుట్టే చోటు మైటోకాండ్రియా. మన పాఠ్యపుస్తకాల్లో వీటిని కణ శక్త్యాగారాలు అంటారు. పలకడానికి బరువైన మాటే గాని, సరైన మాట. క్షణం ఆగని గుండె కండర కణంలో దాదాపు మూడో వంతు చోటు వీటిదే. ఎర్ర రక్తకణంలో ఒక్కటీ ఉండదు. ఒళ్ళంతా ఆక్సిజన్ మోసుకు తిరిగే ఆ కణం, పంక్తి అంతా వడ్డించి తానొక్క ముద్దా నోట పెట్టని మనిషి లాంటిది.

అన్నంలోని పిండి, వేపుడులోని నూనె అరిగి ముక్కలై, చివరికి వాటిలోని ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొర దగ్గరికి చేరతాయి. వాటిని మోసుకొచ్చే అణువులు తయారు కావడానికే నియాసిన్, రైబోఫ్లేవిన్ కావాలి. నీరసంగా ఉందంటే డాక్టరు రాసే బి-కాంప్లెక్స్ మాత్రలో ఉండేవి ఇవే. ఆ పొరలో ప్రోటీన్లు వరసగా కాచుకుని ఉంటాయి. శ్లాబు పోసేటప్పుడు కూలీలు తట్టలు అందించుకోవడం చూశారు కదా, అలా ఎలక్ట్రాన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. పోయేకొద్దీ మెట్లు దిగుతున్నట్టు దాని శక్తి తగ్గుతూ వస్తుంది. ఆఖరి మెట్టు దగ్గర ఆక్సిజన్ ఉంటుంది. నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు కలిస్తే ఒక ఆక్సిజన్ అణువు రెండు నీటి అణువులవుతుంది.

అయితే మెట్లు దిగేటప్పుడు విడుదలైన శక్తి ఏమైంది? దీనిమీద పెద్ద గొడవే నడిచింది. ఆ శక్తిని దాచిపెట్టే రసాయన పదార్థం ఏదో ఉండే ఉంటుందని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వెతికారు. దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, అలాంటి పదార్థమే అక్కర్లేదన్నాడు. ఆ శక్తితో పొరలోని ప్రోటీన్లు ప్రోటాన్లను లోపలి నుంచి బయటికి తోస్తాయి, బయట ఎక్కువ, లోపల తక్కువ అవుతాయి, శక్తి దాగేది ఆ ఎగుడుదిగుడులోనే అన్నాడు. చాలామంది నమ్మలేదు. ఆయన కడుపులో పుండుతో బాధపడుతూ యూనివర్సిటీ వదిలి, కార్న్‌వాల్‌లో ఒక పాడుబడ్డ బంగళా బాగుచేయించుకుని, అక్కడే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. పక్కన పాడి ఆవులు కూడా. 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన చెప్పింది మనకు తేలిగ్గా అర్థమవుతుంది, శ్రీశైలం ఉంది కాబట్టి. అక్కడ ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. నీళ్ళు కిందికి దూకితే కరెంటు ఇస్తాయి. అవే యంత్రాల్ని వెనక్కి తిప్పి, కరెంటు పెట్టి, కింది నీళ్ళను మళ్ళీ పైకి తోడొచ్చు. మైటోకాండ్రియా చేసేదీ ఇదే. వాన కోసం చూడదు, ఎలక్ట్రాన్ల శక్తితో తన జలాశయాన్ని తానే నింపుకుంటుంది. పొరకు అటూ ఇటూ వోల్టేజీ తేడా 150 మిల్లీవోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది. టార్చి బ్యాటరీలో పదో వంతు, ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షా యాభై వేల వంతు కంటే ఎక్కువ ఉండదు. అదే తీవ్రత మీటరు పొడవునా ఉంటే రెండు కోట్ల వోల్టులకు పైమాటే!

బయటికి తోసిన ప్రోటాన్లు తిరిగి లోపలికి దూకే చోట నిజంగానే ఒక టర్బైన్ ఉంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును తయారుచేసే ప్రోటీన్ అది, పేరు ఏటీపీ సింథేజ్. సెకనుకు వంద సార్లకు పైగా తిరగగలదు, చుట్టుకు మూడు ఏటీపీ అణువులు చేస్తుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దాని ఇరుసుకు మెరిసే పోగు ఒకటి తగిలించి, అది తిరగడాన్ని మైక్రోస్కోపులో కళ్ళారా చూశారు. అప్పుడు వాళ్ళు తిప్పింది ఏటీపీ పోసి, అంటే వెనక్కి. శ్రీశైలం యంత్రం లాగే ఇదీ రెండు వైపులా పనిచేస్తుంది.

ఏటీపీ అంటే మన కణాల్లో చెల్లుబాటయ్యే చిల్లర. కండరం కదలాలన్నా, మెదడు ఆలోచించాలన్నా అదే ఇవ్వాలి. నిల్వ ఉండేది కొంచెమే, దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటూ రోజుకు దాదాపు మన బరువంత వాడేస్తాం. 1929లో దీన్ని కండరంలో కనిపెట్టిన వాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. మన పిల్లలు పరీక్షల్లో ఏటీపీ అని రాస్తారు గాని, ఆ మాట వెనక ఈ పేరు ఉందని ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

సైనైడ్ ఎందుకంత ఘోరమైన విషమో కూడా ఇక్కడే తెలుస్తుంది. అది ఆఖరి మెట్టుకు అడ్డంపడుతుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా అందుకునే చెయ్యి ఉండదు. వెనకాల ఎలక్ట్రాన్ల వరసంతా బిగుసుకుపోతుంది, ప్రోటాన్ల తోడకం ఆగిపోతుంది.

ఈ జలాశయానికి ఒకచోట కావాలనే గండి కొట్టి ఉంటుంది. పుట్టిన పిల్లలకు మెడ దగ్గర, రెండు భుజాల మధ్య గోధుమరంగు కొవ్వు ఉంటుంది. అక్కడి మైటోకాండ్రియాలో ప్రోటాన్లు టర్బైన్ దాకా పోకుండా వేరే దారిన లోపలికి జారిపోతాయి. ఏటీపీ రాదు, వేడి వస్తుంది. పసిబిడ్డ మనలాగా గజగజ వణికి వెచ్చబడలేదు కదా, ఈ గండే దాని కుంపటి.

సెలవు, నమస్కారం.