ప్లస్ ఆకారపు రేకు నమూనా: రెండు డిజైన్ల రివ్యూ

ప్రేక్షకులకు భీమవరం నుంచి నమస్కారం. తణుకు దగ్గరి అజ్జరంలో ఇత్తడి బిందెలు చేసేవారికి, ఏ రేకూ అన్ని వైపులకూ ఒకేలా సాగదని మనం చెప్పనక్కరలేదు. ఆ తేడాను అంకెల్లో చూడడానికి, రోలింగ్ దిశకు (మిల్లులో రోలర్ల మధ్య రేకు సాగిన దిశకు) 0, 45, 90 డిగ్రీల్లో పట్టీలు కోసి ఒక్కొక్కటిగా లాగుతారు. అయితే ప్రెస్సులో రేకు ఒకేసారి రెండు దిశల్లో సాగుతుంది కనుక, దానికి ప్లస్ ఆకారపు నమూనా కావాలి.

మొదటిది, 2014లో వెలువడిన ఐఎస్ఓ 16842 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని రూపం. మందం అంతటా ఒక్కటే. నాలుగు చేతుల్లోనూ పొడవునా సన్నని చీలికలుంటాయి. చేతి వెడల్పు 30 మి.మీ. అయితే చీలిక పొడవు 30 నుంచి 60 మి.మీ. దాకా ఉండవచ్చు, రేకు మందం మాత్రం 2.4 మి.మీ. దాటరాదు. దగ్గరగా చూడండి, చేయి దువ్వెనలా ఉంది కదా! ఈ పళ్లు విచ్చుకోకపోతే, అడ్డంగా లాగినప్పుడు నిలువు చేతులు మధ్య భాగాన్ని సాగనివ్వక బిగబట్టేస్తాయి. అప్పుడు బలాన్ని చేతి వెడల్పు, మందాల లబ్ధంతో భాగించి తీసిన, అంటే చదరపు మి.మీ.కు ఎంత బలం పడుతుందో చెప్పే స్ట్రెస్‌ను నమ్మలేము. మా నమూనా ఒకదానిలో లేజర్ చీలిక చివర క్షణకాలం ఆగి నల్లని చుక్క మిగిల్చింది, బీట సరిగ్గా అక్కడే పుట్టింది. ఎంత శుభ్రంగా కోసినా, కొద్ది శాతం సాగేసరికే చీలికల చివర్లు తెగుతాయి తప్ప మధ్య భాగం తెగే దాకా వెళ్లలేము.

రెండో డిజైన్‌లో మధ్య భాగాన్ని రెండు వైపులా మిల్లింగ్ చేసి, అంటే తిరిగే కట్టర్‌తో చెక్కి, పలచన చేశారు. ఒక్కవైపే తీస్తే లాగినప్పుడు రేకు వంగుతుంది. ఇక్కడ మధ్య భాగమే ముందు తెగే అవకాశం ఎక్కువ, అదే దీని గొప్పతనం. కానీ బలంలో కొంత చుట్టూ ఉన్న మందపు అంచు గుండా పోతుంది కాబట్టి స్ట్రెస్‌ను నేరుగా భాగించి తీయలేము, కంప్యూటర్‌లో మోడల్ చేయాల్సిందే. పైగా రేకు పైపొర మిల్లింగ్‌లో పోయింది. మనం కొన్న రేకు, పరీక్షించిన రేకు పూర్తిగా ఒకటి కావు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను మొదటిదే సూచిస్తాను. కోతకు ముందే ప్రతి ముక్క మీద రోలింగ్ దిశ బాణం గీయండి. కోసి విడదీశాక ప్లస్ గుర్తులో ఏది నిలువో ఏది అడ్డమో ఎవరూ చెప్పలేరు.