మలేరియా ఊళ్లలో మేల్కొనే వైరస్

నమస్కారం. 1957లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో, దవడలు రెండు వైపులా వాచిపోయిన ఒక పసివాణ్ణి డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ శస్త్రవైద్యుడికి చూపించారు. అలాంటి పిల్లలు ఇంకెక్కడెక్కడ ఉన్నారో తెలుసుకోవాలని ఆయన 1961లో ఇద్దరు వైద్యులను వెంటబెట్టుకుని ఆఫ్రికాలో దాదాపు 10,000 మైళ్లు కారులో తిరిగితే, ఆ కణితి (తర్వాత బర్కిట్ లింఫోమా అని పేరు పడిన క్యాన్సర్) వేడీ వానా ఎక్కువగా ఉన్న పల్లపు ప్రాంతాల్లోనే కనిపించింది, చల్లని కొండ ప్రాంతాల్లో దాదాపు కనిపించలేదు. తీవ్రమైన మలేరియా ఉన్న ప్రాంతాలూ అవే.

1964లో ఆంథోనీ ఎప్‌స్టీన్ బృందం లండన్‌లో ఆ కణితి కణాల్లో ఒక కొత్త వైరస్‌ను చూసింది. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్. అయితే లోకంలో నూటికి 90 మందికి పైగా పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న వైరస్, ఆ ఊళ్ల పిల్లల మీదే ఎందుకు ఇంతగా విరుచుకుపడుతోంది?

ఈ వైరస్ రక్తంలోని బి-కణాల్లో, అంటే యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణాల్లో, దాక్కుంటుంది. యాంటీబాడీలు కణం లోపలికి వెళ్లలేవు కాబట్టి, వైరస్ సోకిన కణాలను వెతికి చంపే పని ప్రధానంగా టి-కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలదే. మలేరియా జ్వరంలో ఉన్నవారి టి-కణాలు ఆ పని సరిగా చేయలేకపోతున్నాయని 1984లోనే గాంబియాలో జరిగిన పరిశోధన చూపించింది. తర్వాత కెన్యాలో, ఏడాది పొడవునా మలేరియా ఉండే కిసుము పిల్లలను, అది అరుదుగా వచ్చే నంది కొండ ప్రాంతపు పిల్లలతో పోల్చారు. కిసుము పిల్లల రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంది. ముఖ్యంగా 5 నుంచి 9 ఏళ్ల వారిలో ఈ వైరస్‌పై టి-కణాల స్పందన తగ్గింది. ఈ కణితి ఎక్కువగా వచ్చే వయసూ సరిగ్గా అదే. నన్ను అన్నిటికంటే కలచివేసిన విషయం ఇది.

మలేరియా చేసే కీడు అక్కడితో ఆగదు. అది బి-కణాలను పదేపదే రెచ్చగొట్టి విభజింపజేస్తుంది. అలా విభజన పెరిగిన కొద్దీ, మిక్ అనే జన్యువు తన చోటు తప్పి మరో క్రోమోజోముకు అతుక్కుని, కణం ఆగకుండా పెరిగే ప్రమాదం పెరుగుతుంది. ఆ కణితి కణాలు సాధారణంగా బయటపెట్టే వైరస్ ప్రోటీన్ ఎబ్నా-1 ఒక్కటే. కణితి వచ్చిన కెన్యా పిల్లల్లో, సరిగ్గా ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే టి-కణాల స్పందనే లోపించింది.

మలేరియా సోకిన ప్రతి బిడ్డకూ ఈ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు, చాలామందికి రాదు. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో, తీవ్రంగా వ్యాపించి ఉన్నచోట మలేరియాను క్యాన్సర్‌కు బహుశా కారకమని వర్గీకరించింది. 2019లో పశ్చిమ కెన్యాలో మలేరియా టీకా మొదటగా వేయించుకున్న పసిపిల్లలు ఇప్పుడు ఈ కణితి ఎక్కువగా వచ్చే ఆ 5 నుంచి 9 ఏళ్ల వయసుకే చేరుకుంటున్నారు.