శ్రీశైలం పాదయాత్ర: కాళ్లు సరే, మనసు మాటేమిటి?

నమస్తే అండీ. శివరాత్రి దగ్గర పడితే చాలు, నాకు ఒకటే మెసేజ్: "అన్నా, రోజూ వాకింగ్ చేస్తున్నా. మనసుకు ఏదైనా ధ్యానం వీడియో పంపు." ఇంకొందరైతే, "దీక్షెందుకు, శివయ్యే లాక్కుపోతాడు" అంటారు. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే.

కోడెను కాడికి అలవాటు చేసే రైతు మొదటి రోజే నాగలి కట్టడు. ఉత్త కాడి మెడ మీద పెట్టి, పక్కన పాత ఎద్దును కట్టి ఊరికే తిప్పుతాడు. బరువు సంగతి తర్వాత. మెడ మీద ఒకటుందని, దాన్ని విదిలించకూడదని ముందు దానికి తెలియాలి.

41 రోజుల శివదీక్ష చేసేది ఇదే. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, చెప్పుల్లేని కాళ్లు. ఇవన్నీ ఒంటికని మనం అనుకుంటాం. కానీ ఆఫీసులో ఎవడో రెచ్చగొడితే, నోటిదాకా వచ్చిన బూతు మింగేసి "చెప్పండి స్వామీ" అనాలి చూడండి, కాడి బరువు అప్పుడు తెలుస్తుంది. కొన్నాళ్లకు మనసు విదిలిస్తుంది: "ఈ ఒక్క రోజుకు వేడినీళ్లు పోసుకుంటే ఏమైంది?" అప్పుడు పక్కనుండే పాత ఎద్దే గురుస్వామి. (ఎద్దన్నానని కోప్పడకండి, నంది కూడా ఎద్దే కదా!)

ఇప్పుడు దారి చూద్దాం.

[స్క్రీన్ మీద మ్యాప్]

ఆత్మకూరు దగ్గర వెంకటాపురం, అక్కణ్నుంచి నాగలూటి వీరభద్రుడి గుడి, పెద్దచెరువు. ఇంతవరకూ గుంపు ఊపు, "ఓం నమశ్శివాయ" కేక నడిపించేస్తాయి. అసలు సంగతి భీముని కొలను దగ్గర. లోయలోకి దిగాలి, మళ్లీ కైలాసద్వారం దాకా నిటారు మెట్లెక్కాలి. అరికాళ్లు బొబ్బలెక్కి, తల మీద జ్యోతిర్ముడి (శివయ్యకు మోసుకెళ్లే ముడుపు మూట) బరువెక్కి, కోడె కాడి పడేసి కూలబడేది ఇక్కడే. దీక్షలో ఉన్నవాడికీ అంతే నొప్పి. కాకపోతే "ఎక్కాలా, వద్దా" అన్న బేరం వాడు ఎప్పుడో మానేశాడు. ఆధ్యాత్మికం అంటే నా లెక్కలో ఈ బేరం మానడమే, వెలుగులు కనిపించడం కాదు.

ఉగాదికి వచ్చే కన్నడ భక్తుల్ని చూడండి. వాళ్లకు భ్రమరాంబ ఆడపడుచు, మల్లన్న అల్లుడు. చీర, పసుపు కుంకుమలు తెస్తారు. కర్రకాళ్లు కట్టుకుని నడిచేవాళ్లూ ఉంటారు! ఆడపడుచు ఇంటికి బయలుదేరినవాళ్లకు మూడ్‌తో పనేముంది?

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తా. దీక్ష కుదరకపోతే కనీసం ఒక్క నియమం పట్టుకుని, అది తప్పకండి. ఫోన్ ఇంట్లో పెట్టమనను, రీల్స్ మాత్రం వద్దు. గుంపులో నెమ్మదిగా నడిచేవాళ్ల పక్కనుండండి. బీపీ, షుగర్ ఉంటే డాక్టర్‌ను అడిగాకే మాల. అది పులుల అడవి, అటవీ శాఖ దారి తెరిచిన రోజుల్లోనే వెళ్లండి, ప్లాస్టిక్ పడేయకండి. నీళ్ల సంగతి ఇంకో వీడియోలో.