భుజం సరే, చెవుల సంగతేంటి? వేట రైఫిల్‌కు మజిల్ బ్రేక్‌పై చర్చ

(డాలస్ స్టూడియో. పాల్గొన్నవారు: టెక్సస్‌లో 12 ఏళ్లుగా జింకల వేటకు వెళ్తున్న ఐటీ ఉద్యోగి, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని నేర్చుకుని ఇప్పుడు ఇక్కడ గన్‌షాపులో చేస్తున్న గన్‌స్మిత్, చెవి వైద్యురాలు.)

యాంకర్: అందరికీ నమస్కారం. నవంబర్ వచ్చిందంటే ఇక్కడ జింకల సీజన్. మనవాళ్లలో వేటకు వెళ్లేవాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు, రైఫిల్ గట్టిగా తన్నుతోంది, ఆ తన్ను తగ్గించడానికి మూతికి మజిల్ బ్రేక్ పెట్టించుకోవచ్చా అని. అన్నా, మీరు పెట్టించారు కదా, మీతోనే మొదలుపెడదాం.

వేటగాడు: పెట్టించా, ఇప్పుడు తీసేద్దామనుకుంటున్నా. నాది 300 విన్‌మ్యాగ్, అంటే పెద్ద తూటా కాల్చే రైఫిల్. పెద్దదైతే మంచిదని ఎవరో చెబితే కొనేశా. బరువు చూస్తే 8 పౌండ్లే, పది రౌండ్లు కాల్చేసరికి భుజం కమిలిపోయేది. నొప్పి ఎలాగో ఓర్చుకోవచ్చు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే కళ్లు మూసుకుపోయేవి, అదీ నా బాధ. ఒకరోజు రేంజ్‌లో లోపల తూటా లేదని తెలియక నొక్కా, ఏమీ పేలలేదు గానీ రైఫిల్ మూతి మాత్రం జానెడు కిందికి దిగిపోయింది. నేను ఎంత భయపడుతున్నానో అప్పుడు అర్థమైంది.

గన్‌స్మిత్: తన్ను తగులుతుందని ముందే ఇలా ఉలిక్కిపడటాన్ని ఫ్లించ్ అంటారు. షాపుకొచ్చేవాళ్లు గురి చూసే దుర్బిణిని, అదే స్కోపును తిడతారు, తూటాను తిడతారు, తీరా చూస్తే విషయం ఇదే.

యాంకర్: ఇంతకీ బ్రేక్ ఎలా పనిచేస్తుంది?

గన్‌స్మిత్: అన్న రైఫిల్‌నే తీసుకోండి. తూటా 180 గ్రెయిన్లు, అంటే 11, 12 గ్రాములు. దాని వెనక మందు 70 గ్రెయిన్లు, నాలుగున్నర గ్రాములు. ఆ మందంతా గ్యాసై, తూటా దాటిన వెంటనే దానికంటే వేగంగా మూతిలోంచి తన్నుకొస్తుంది, రైఫిల్ మన భుజాన్ని తన్నడంలో ఈ గ్యాస్ వాటా తక్కువేమీ కాదు. బ్రేక్ అంటే మూతికి బిగించే ఉక్కు గొట్టం, పక్కలకు కిటికీల్లాంటి కంతలు ఉంటాయి. గ్యాస్ ఆ కంతల గోడలను గుద్దుకుని పక్కలకు, కొంత వెనక్కి మళ్లుతుంది. గుద్దుకున్నప్పుడు బ్రేక్‌ను ముందుకు నెడుతుంది, దాంతో పాటే రైఫిల్‌నూ. మంచిదైతే తన్ను మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. మందు ఎక్కువుంటేనే ఈ లాభం, 243 లాంటి చిన్న తూటా రైఫిల్‌కు పెట్టిస్తే డబ్బు దండగ.

వేటగాడు: తగ్గిన మాట నిజం. అంతకుముందు పేల్చగానే స్కోపులో ఆకాశం కనిపించేది, బ్రేక్ పెట్టాక జింకకు తగిలిందో లేదో స్కోపులోంచే చూడగలిగా.

డాక్టర్: గ్యాస్ వెనక్కి మళ్లుతుందన్నారు, దాంతో శబ్దం కూడా మళ్లుతుంది కదండీ. అది వచ్చేది మీ మొహం మీదికే, మీ పక్కన ఉన్నవాళ్ల మీదికే.

వేటగాడు: అదే జరిగింది మేడం. పోయిన సీజన్‌లో నేనూ మా బావమరిదీ మంచెలో కూర్చున్నాం. మన పొలాల్లో పిట్టలు తోలే మంచె లాంటిదే, కాకపోతే ఇక్కడ చుట్టూ ప్లైవుడ్ కొట్టి చిన్న కిటికీ వదులుతారు. గంటన్నర ఏమీ రాలేదు, ఇయర్‌మఫ్స్ మెడలోకి జారేసుకున్నాం. ఉన్నట్టుండి జింక బయటికొచ్చింది. కంగారులో రైఫిల్ మూతి కిటికీ లోపలే ఉండగా కాల్చేశా. మంచెలో దుమ్మంతా లేచింది, వాడు కుడి చెవి పట్టుకుని వంగిపోయాడు, ఏదో అంటున్నాడు, పెదాలు కదలడమే కనిపిస్తోంది. నాకు సాయంత్రానికి తగ్గింది. వాడికి మాత్రం ఇప్పటికీ రాత్రి ఫ్యాన్ ఆపితే చెవిలో కీచురాయి మోత. తప్పు నాది. మా ఆవిడ మొహం చూడలేకపోయా.

డాక్టర్: ఒక్క పేలుడు చాలండీ. పేలుడు శబ్దం 140 డెసిబెల్స్ దాటితే ప్రమాదమని ఇక్కడి ప్రమాణం. మామూలు వేట రైఫిలే 160 దగ్గర ఉంటుంది. బ్రేక్ పెడితే కాల్చేవాళ్ల చెవి దగ్గర ఇంకో 5 నుంచి 10 పెరుగుతుంది. ఐదేగా అనుకోకండి, 6 డెసిబెల్స్ పెరిగితే ఒత్తిడి రెట్టింపు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి, అవి పోతే మళ్లీ మొలవవు, ఏ మందూ వాటిని తిరిగి తేలేదు. బ్రేక్ ఉంటే చెవిలో ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టుకోవాలి, పక్కవాళ్లు కూడా. జింక అడుగులు వినిపించవని తీసేస్తారు, ఎలక్ట్రానిక్ మఫ్స్ కొనుక్కోండి, చిన్న శబ్దం వినిపిస్తుంది, పెద్దది ఆపుతుంది.

గన్‌స్మిత్: డాక్టర్ గారి మాట కాదనను, కానీ భుజానికి ఆపరేషన్ అయినవాళ్లు వస్తారు, వాళ్లకు వద్దని ఎలా చెప్పను? బిగించడంలో కూడా జాగ్రత్త కావాలి. బ్రేక్ బిగించే మరలు, అదే థ్రెడ్, కోసేటప్పుడు లేత్ మీద బ్యారెల్ రంధ్రాన్ని చూసి సెంటర్ చేయాలి, బయటి అంచును నమ్మకూడదు. వెంట్రుకవాసి పక్కకు పోయినా తూటా బ్రేక్‌ను రాసుకుంటుంది. నేనైతే బిగించాక లోపలికి సరిసమానమైన రాడ్ దూర్చి చూడకుండా ఎవరికీ ఇవ్వను. ఇంకోటి, కింద కూడా కంతలున్నది కొనకండి, పడుకుని కాలిస్తే కళ్లలో మట్టే.

యాంకర్: బ్రేక్ లేకుండా తన్ను తగ్గించే దారి లేదా?

గన్‌స్మిత్: ఎందుకు లేదు? మెత్తటి రికాయిల్ ప్యాడ్ వేయించండి, భుజానికి ఆన్చే వెనక భాగం, అదే స్టాక్, పొడవు మీ చేతికి తగ్గట్టు కోయించండి, రైఫిల్ కాస్త బరువుంటే భరించండి. అసలు టెక్సస్ జింకకు 300 విన్‌మ్యాగ్ ఎందుకు? 6.5 క్రీడ్‌మూర్ అనే చిన్న తూటా రైఫిల్ దాని తన్నులో సగం కూడా తన్నదు. సప్రెసర్, అంటే సైలెన్సర్ అయితే శబ్దమూ తన్నూ రెండూ తగ్గుతాయి. దాని మీద 1934 చట్టం పెట్టిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, ఫారాలు, వేలిముద్రలు మాత్రం ఇవ్వాల్సిందే.

డాక్టర్: సప్రెసర్ ఉన్నా మఫ్ తీయకండి.

వేటగాడు: శనివారం నీ దగ్గరికే తెస్తా తమ్ముడూ, బ్రేక్ తీసేసి థ్రెడ్ మీద క్యాప్ బిగించు.

గన్‌స్మిత్: తెండి అన్నా. కానీ బ్రేక్ తీస్తే తూటా తగిలే చోటు మారుతుంది, సీజన్‌కు ముందే రేంజ్‌కెళ్లి మళ్లీ జీరో చేసుకోండి, అంటే స్కోపు గురి సరిచేసుకోండి. బావమరిదిని తీసుకెళ్తే ఇద్దరికీ ప్లగ్స్ నేనిస్తా.