ఫంక్షన్ హాల్లో రాక్ బ్యాండ్: ఎక్కడ నిలబడాలి, ఏం సర్దాలి

నమస్కారమండీ. సంక్రాంతికి డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఊరొచ్చినవాళ్లకీ, ఇక్కడే ఉండి పండక్కి ఒక మంచి ప్రోగ్రాం పెట్టిద్దామనుకునేవాళ్లకీ ఈ వీడియో. మనం ప్రాణంగా వినే రాక్ బ్యాండు పాలకొల్లులోనో, రాజోల్లోనో, అమలాపురంలోనో ఓ మామూలు ఫంక్షన్ హాల్లో మూడొందల మంది ముందు వాయిస్తోందనుకోండి. దాన్ని ఎలా వినాలి, అసలు వినబడాలంటే ఏం చెయ్యాలి, అదీ ఈరోజు సంగతి.

స్టేడియంలో వంద మీటర్ల అవతల ఉంటే డ్రమ్మర్ కర్ర దెబ్బ కంటికి కనబడిన 0.3 సెకన్లకి గానీ చెవికి రాదు. వచ్చేది కూడా స్పీకర్ల శబ్దమే. చిన్న హాల్లో నాలుగో వరసలో ఉంటే ఆ దెబ్బ డ్రమ్ము నుంచే నేరుగా వచ్చి తగులుతుంది. గిటారిస్టు వేలు తీగ మీద జారినప్పుడు వచ్చే కీచు చప్పుడు కూడా వినబడుతుంది. బీటిల్స్ వాళ్లు లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్‌లో 1961 నుంచి 1963 లోపు దాదాపు మూడొందల సార్లు వాయించారు. అదొక ఇటుక కమానుల నేలమాళిగ. గొప్ప బ్యాండుకి పెద్ద హాలే కావాలని లేదండి, హాలుని అర్థం చేసుకున్నవాళ్లు కావాలి.

ఇదిగో, ఈ హాలు చూడండి. మన సైడు హాళ్లన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. 40 అడుగుల వెడల్పు, 80 అడుగుల పొడవు, కింద నున్నటి టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, ఒక చివర నాలుగడుగుల ఎత్తు స్టేజి. నేను స్టేజి మీద ఒక్క చప్పట కొడతాను, వినండి... ఆ చప్పట వెనక గోడకి తగిలి తిరిగొచ్చింది. రానూపోనూ 48 మీటర్లు. మన ఊరి వేడికి శబ్దం సెకనుకి దాదాపు 349 మీటర్లు పోతుంది కాబట్టి, సెకనులో ఏడో వంతు ఆలస్యంగా రెండో చప్పట వినబడుతోంది. సన్నాయి మేళానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. వేగంగా నడిచే రాక్ పాటకి మాత్రం ప్రతి దెబ్బకీ ఒక నీడ దెబ్బ పడి, మాటలన్నీ ముద్దయిపోతాయి.

దీనికి మందు మన దగ్గరే ఉంది. కొబ్బరికాయల మార్కెట్టుకి పేరున్న అంబాజీపేట పక్కనే ఉండగా పీచు చాపలకి కొరతేంటండీ! వెనక గోడకి మనిషెత్తు నుంచి పైకి చాపలు వేలాడదీయండి. గోడకి ఆనించొద్దు. మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదిలితే ఇంకా బాగా పీలుస్తాయి. వాటి మీద మందపాటి షామియానా గుడ్డ మడతలు మడతలుగా వెయ్యండి. డ్రమ్ముల కింద ఒక కార్పెట్ తప్పనిసరి. అది శబ్దం కోసం మాత్రమే కాదు, కాలితో తొక్కే కిక్ డ్రమ్ము టైల్స్ మీద ముందుకు జారిపోకుండా కూడా. ఇన్ని చేసినా లోతైన బేస్ శబ్దం తగ్గదు, అది చాపకీ గుడ్డకీ లొంగదు. గది మూలల్లో పోగుపడి గుమ్ముమంటుంది. అందుకే బేస్ బాక్సులు మూలల్లో పెట్టొద్దని సౌండ్ సెట్ వాళ్లకి ముందే చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. చిన్న హాల్లో బ్యాండుని పాడుచేసేది తక్కువ సౌండ్ కాదు, ఎక్కువ సౌండ్. డీజే పెట్టే అలవాటుతో మన సెట్ వాళ్లు అన్నిటికీ మైకులు పెట్టి, అన్నీ బాక్సుల్లోకి పంపి, మీటర్లు ఎర్రలైట్లు కొట్టేదాకా ఎత్తుతారు. ఒక్కసారి లెక్క చూద్దాం. డ్రమ్ములు ఏ మైకూ లేకుండానే దగ్గరలో 100 డెసిబెల్స్ దాటతాయి. గిటార్ ఆంప్లిఫయర్ ఆ డ్రమ్ములతో సమానంగా మోగాలి. ఈ రెంటి మీదా గొంతు వినబడాలి. ఈ హాల్లో బాక్సులతో నిజంగా పనుండేది గొంతుకి, కీబోర్డుకి, కొద్దిగా కిక్ డ్రమ్ముకి. అంతే. సౌండ్ చెక్ టైంలో మిక్సర్ దగ్గరున్న కుర్రాడికి ఇలా చెప్పండి: "బాబూ, డ్రమ్ములు ఎలాగూ వినబడతన్నాయి కదా, కిక్ ఒక్కటీ కొంచెం ఉంచి మిగతావి బాక్సుల్లోంచి తీసెయ్ నాన్నా. గొంతు మాత్రం పైకి రానియ్." ఖాళీ హాల్లో గోలగా అనిపించిన సౌండు, జనం నిండాక వాళ్ల బట్టలూ ఒళ్లూ పీల్చుకుని సర్దుకుంటుంది. అందుకే చెక్‌లో పర్ఫెక్టుగా కుదిరిందని వదిలెయ్యకుండా, మొదటి రెండు పాటలయ్యేదాకా ఆ కుర్రాడు మిక్సర్ మీంచి చెయ్యి తియ్యకూడదు.

కూత వస్తోందా? మైకులోకి వెళ్లిన శబ్దం స్పీకర్లోంచి వచ్చి మళ్లీ మైకులోకే దూరితే వచ్చే కూత అది. 1966 నుంచి స్టేజీల మీద కనబడుతున్న ష్యూర్ ఎస్‌ఎం58 లాంటి మైకు ముందు నుంచి బాగా వింటుంది, సరిగ్గా వెనక నుంచి బాగా తక్కువ వింటుంది. కాబట్టి తన గొంతు తనకి వినబడటానికి గాయకుడి కాళ్ల దగ్గర పెట్టే మానిటర్ స్పీకర్ మైకు వెనక వైపుకి తిన్నగా రావాలి. ఇక్కడ చూడండి, నేను మైకు జాలీని పిడికిలితో ఇలా మూసి పట్టుకుంటున్నాను. చూడ్డానికి స్టైలే. కానీ ఇలా పడితే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలెడుతుంది, వెంటనే కూత. జాలీ వదిలి కింద గొట్టం పట్టుకుంటే కూత ఆగిపోతుంది. విన్నారుగా.

మనం ఎక్కడ నిలబడాలి? అభిమానులందరూ స్టేజికి ఆనుకుని నిలబడాలనుకుంటారు. చేతులు చూడ్డానికి అది మంచి చోటే గానీ గొంతు వినబడదు. గొంతొచ్చే బాక్సులు మీకు రెండు పక్కలా, మీకంటే ముందుకో పైకో ఉంటాయి. పైగా గిటార్ ఆంప్లిఫయర్‌కి ఎదురుగా తిన్నగా నిలబడితే దాని పదును టార్చిలైటులా మీ మొహం మీదే పడుతుంది. రెండడుగులు పక్కకి జరిగితే చాలు, తేడా తెలిసిపోతుంది. ఉన్నవాటిలో మంచి చోటు మిక్సర్ దగ్గరే. సౌండ్ కుర్రాడు తన చెవికి కుదిరేలా సర్దేది అక్కడి నుంచే కదా. ఈ హాల్లో అయితే స్టేజి నుంచి 40, 45 అడుగుల దూరంలో, మధ్య గీతకి కొంచెం పక్కగా. మొదటి మూడు పాటలు ముందు నిలబడి చేతులు చూసి, తర్వాత ఇక్కడికి వచ్చెయ్యండి.

సోఫాల సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర ముందు రెండు వరసలు పెద్దలకి సోఫాలు వేస్తారు. పెళ్లికి బాగుంటుంది. రాక్ షోలో మాత్రం బ్యాండుకీ గెంతే కుర్రాళ్లకీ మధ్య పదిహేను అడుగుల నిశ్శబ్దం పడుతుంది. పెద్దవాళ్లని తగ్గించమని కాదండి. సోఫాలు పక్కగోడ వైపు, బాక్సుల దారికి తప్పించి వేస్తే వాళ్ల చెవులకీ హాయి, ముందు నేల కుర్రాళ్లకీ దొరుకుతుంది.

చెవుల గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకి పెట్టిన గీత కూడా 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్సే. షో ఏమో గంటలకొద్దీ నడుస్తుంది. దూది పెట్టుకుంటే సరిపోదు, అది పెద్దగా ఆపదు. నురుగు (ఫోమ్) ప్లగ్గులు బాగానే ఆపుతాయి గానీ పై స్వరాలు ఎక్కువ మింగేసి పాటని గొణుగుడు చేస్తాయి. సంగీతం వాళ్ల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్గులు అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, వచ్చేటప్పుడు అక్కడి నుంచే నాలుగు జతలు తెచ్చుకోండి. నురుగువే ఉంటే పెట్టుకునే పద్ధతి ఇది: వేళ్లతో సన్నటి వత్తిలా నలపండి, రెండో చేతిని తల మీంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, వత్తి లోపలికి పెట్టి అర నిమిషం వేలితో అదిమి ఉంచండి. అది ఉబ్బి చెవిలో సర్దుకుంటుంది. సగం బయటికి కనబడుతుంటే సరిగ్గా పెట్టనట్టే. చిన్నపిల్లలకి ప్లగ్గులు వద్దు, తల మీంచి వచ్చే మఫ్‌లు పెట్టండి, బాక్సులకి దూరంగా కూర్చోబెట్టండి.

ఇక కరెంటు. ఇది ఎన్నారైలు చాలా జాగ్రత్తగా వినాల్సిన ముక్క. అమెరికా నుంచి మీ అబ్బాయి గిటారూ, చిన్న ఆంప్లిఫయరూ తెచ్చి బ్యాండుతో ఒక పాట వాయిద్దామనుకున్నాడు. ఆంప్లిఫయర్ వెనక్కి తిప్పండి. దగ్గరికి చూపిస్తాను... ఇదిగో, వైరు దూరే చోట పైన: "120 వోల్టులు, 60 హెర్ట్జ్". మన గోడలో ఉన్నది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే మొదట ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కూడా. దీనికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. లేబుల్ మీద 300 వాట్లు అంటే 500 వీఏ ది తీసుకోండి. గిటార్ పెడల్ అడాప్టర్ మీద "100-240" అని ఉంటే భయం లేదు, అది ఎక్కడైనా నడుస్తుంది.

అంతకంటే ప్రమాదం ఈ చిన్న ట్రావెల్ ప్లగ్గు. దీనికి రెండే పుల్లలు. మన మూడు పుల్లల ప్లగ్గులో పైన లావుగా ఉండేదే ఎర్త్. ఈ ప్లగ్గుతో ఆ ఎర్త్ తెగిపోతుంది. గిటార్ తీగలన్నీ ఆంప్లిఫయర్ ఒంటికి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఒకవైపు ఎర్త్ పోయి లోపల ఎక్కడైనా లీకైతే, తీగల మీద చెయ్యి, మైకుకి పెదవి తగిలిన క్షణంలో కరెంటు మనిషి గుండా పోతుంది. స్టోన్ ద క్రోస్ అనే బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజి మీద ఇలాగే, ఎర్త్ సరిగ్గా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. కాబట్టి గుయ్‌మని హమ్ వస్తోందని ఎర్త్ పుల్ల విరగ్గొట్టే పని ఎవరు చేసినా ఆపండి. ఆ హమ్ చాలాసార్లు మిక్సర్‌నీ స్టేజి ఆంప్లిఫయర్లనీ వేర్వేరు ప్లగ్గు పాయింట్లకి ఇవ్వడం వల్ల వస్తుంది. సౌండ్ మొత్తాన్నీ ఒకే ఫేజు మీద, ఒకే చోట నుంచి ఇచ్చి, సీరియల్ లైట్లనీ డిమ్మర్లనీ వేరే ఫేజు మీదికి మారిస్తే మామూలుగా తగ్గిపోతుంది. పాట మొదలయ్యే ముందు మల్టీమీటర్‌తో గిటార్ తీగకీ మైకు జాలీకీ మధ్య ఏసీ వోల్టేజి చూడండి. సున్నా దగ్గర ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, అంటే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు నుంచే స్టేజికి కరెంటు ఇవ్వండి. మిక్సర్ డిజిటల్‌దైతే దానికి విడిగా యూపీఎస్ పెట్టండి, లేకపోతే లైన్ మీంచి జనరేటర్‌కి మారే ఆ రెండు సెకన్లకే అది ఆరిపోయి, మళ్లీ లేచేదాకా పాట ఆగిపోతుంది.

వీడియో తీసేవాళ్లకి రెండు మాటలు. ముందు బ్యాండుని అడగండి. అమెరికా ఫోన్లు సెకనుకి 30 ఫ్రేములకి సెట్ అయి ఉంటాయి, మన లైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద మిణుకుతాయి. రెండూ పొసగక తెర మీద చారలు పాకుతాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి "షో పాల్ ఫార్మాట్స్" ఆన్ చేసి 25 ఫ్రేములు పెట్టుకోండి. షట్టర్ చేతితో పెట్టగలిగితే సెకనులో 50వ వంతు. కాలవగట్టు దాటి ఏసీ కారులోంచి దిగీ దిగగానే కెమెరా తీస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. జిప్ కవర్లోనే అరగంట ఉంచి, వేడి పట్టాక తియ్యండి. గిటార్‌కీ ఇదే సూత్రం, పెట్టె తెరిచిన వెంటనే శ్రుతి చేస్తే పది నిమిషాల్లో జారిపోతుంది. సౌండు కోసం మిక్సర్ నుంచి వైరు లాక్కుంటే గొంతొక్కటే బిగ్గరగా, డ్రమ్ములు ఎక్కడో దూరంగా వస్తాయి. కారణం ఇందాక చెప్పుకున్నదే, వాటిని బాక్సుల్లోకి పంపడం లేదు కదా. మిక్సర్ పక్కన ఒక చిన్న రికార్డర్ పెట్టి రెండూ కలపండి.

నిప్పు సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి. పెళ్లిళ్లలో నిప్పురవ్వలు చిమ్మడానికి వాడే కోల్డ్ పైరోలు ఈ స్టేజి మీద వద్దే వద్దు. పీచు చాపా గుడ్డా రెండూ అంటుకునేవే. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని స్టేషన్ నైట్‌క్లబ్‌లో రాక్ షో మొదలవగానే వెలిగించిన బాణసంచా గోడల మీది ఫోముకి అంటుకుని 100 మంది పోయారు. చాలామంది లోపలికి వచ్చిన తలుపు వైపే పరిగెత్తారు. మన హాల్లో వంటల వైపు తలుపు ఒకటి ఉంటుంది చూడండి, ఆరోజు దాని ముందు డేగిసాలు పెట్టనివ్వకండి, తాళం వెయ్యనివ్వకండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్ స్పీకర్లకి నిషేధం. మూసిన ఆడిటోరియంలకి రూల్సులో మినహాయింపు ఉంది గానీ, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండే మన హాలుని మూసిన హాలు అనలేం. ఆరున్నరకి మొదలెట్టి తొమ్మిదిన్నరకి ముగిస్తే పక్కింటి ముసలమ్మగారికీ ఇబ్బంది ఉండదు, చించినాడ వంతెన దాటి అటు రాజోలు వైపు వెళ్లాల్సినవాళ్లూ టైంకి ఇంటికి చేరతారు.

ఆఖరి పాటయ్యాక వెంటనే స్టేజి ఎక్కకండి. ఆంప్లిఫయర్లు ఇంకా వేడిగా ఉంటాయి, నేలంతా వైర్లు. గిటారిస్టు పొడి గుడ్డతో తీగలు ఒక్కొక్కటే తుడుస్తుంటాడు. ఈ చెమ్మకి, వేళ్ల చెమటకి తీగలు తొందరగా తుప్పు పడతాయి. ఆ పనయ్యేదాకా ఓ ఇరవై నిమిషాలు ఆగి పలకరిస్తే తీరిగ్గా మాట్లాడతారు. మానిటర్ పక్కన నేలకి టేపుతో అంటించిన కాగితం చూశారా? ఆరోజు పాటల వరస అది, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో. చెమ్మకి ఒక మూల అప్పటికే లేచిపోయి ఉంటుంది. "ఇది తీసుకోవచ్చాండీ?" అని అడిగి, నాలుగు మూలలా టేపు మెల్లగా ఊడదీసి, మడత పెట్టకుండా చుట్ట చుట్టుకుని తెచ్చుకోండి.